ఉత్తుత్తి వన్స్ మోర్

దోనేపూడి భద్రయ్య గారిని ఎవరు ఏం అడిగినా, అది రాగం సంగతైనా రాజకీయం సంగతైనా, ఆయన ఇంత వక్కపొడి బుగ్గన పెట్టుకుని "శుక్రవారం రా" అనేవారు. పోనీ శుక్రవారం వెళ్తే చెప్పేవారా? అబ్బే! ఏదో ఒకటి చేయించి పంపేవారు. అందులో జవాబు దొరికిందా, నీ అదృష్టం. దొరకలేదా, మళ్ళీ శుక్రవారం. చీరాలలో నూలు గోడౌను మీద ఉన్న ఆయన పొడుగాటి గదికి ఇలా తిరిగి తిరిగి నాటకాల పద్యం నేర్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎవర్ని కదిపినా ముందు ఛాతీ ఓ అంగుళం పెరుగుతుంది, ఆ తర్వాతే మాట బయటికొస్తుంది. "మాది భద్రయ్య గారి గొంతండీ" అంటారు. ఆ గర్వం ఊరికే వచ్చింది కాదు లెండి.

మురహరి కూడా ఆ గొంతువాడే. అయితే ఆ రోజు అతను అడిగిన ప్రశ్న మాత్రం పద్యం గురించి కాదు.

"గురువుగారూ, నేను దాచింది ఒక్క మనిషిని. మిగతావాళ్ళంతా ఎందుకు ఉలిక్కిపడుతున్నారు?"

దాచడమంటే మనిషిని గదిలో పెట్టి తాళం వేయడం కాదు. మురహరిది కంప్యూటర్ ఉద్యోగం. పద్యం మీద పిచ్చితో సొంత డబ్బులు పోసి 'తెరముందు' అని ఒక యాప్ తయారుచేశాడు. పద్యాలు పాడేవాళ్ళు రికార్డు చేసి అందులో పెడతారు, విన్నవాళ్ళు కింద నాలుగు మాటలు రాస్తారు. మొదట్లో చీరాలవాళ్ళే ఉండేవారు. తర్వాత కడప నుంచి, కరీంనగర్ నుంచి, సూరత్‌లో మగ్గాలు నడుపుకునే మనవాళ్ళ నుంచి పద్యాలు రావడం మొదలైంది. మురహరికి కాలు నేల మీద నిలిచేది కాదు. ఎందుకు నిలవాలి? చచ్చిపోతోందని అందరూ పెదవి విరిచిన కళకి జేబులో పట్టే రంగస్థలం కట్టి ఇచ్చాడు మరి!

అంత చక్కని చోటికి బాపట్ల నుంచి కొల్లా పిచ్చేశ్వరరావు అనే పెద్దమనిషి వచ్చి చేరాడు. ఆయనకి పాడడం రాదు. తిట్టడం మాత్రం పుట్టుకతో వచ్చింది. "గొంతులో పీచు ఇరుక్కుంది, తీయించుకో" అని ఒకరికి రాసేవాడు. "దీనికన్నా మా వీధిలో ఉప్పు అమ్మేవాడి కేక నయం" అని ఇంకొకరికి. భద్రయ్య గారి దగ్గరే నేర్చుకుంటున్న వకుళ అనే అమ్మాయి మొదటిసారి ధైర్యం చేసి ఒక పద్యం పెడితే, "ఈ గొంతుతో పెళ్ళిచూపులకి మాత్రం వెళ్ళకు తల్లీ, వచ్చినవాళ్ళు కాఫీ తాగకుండా పోతారు" అని రాశాడు. ఆ పిల్ల అప్పట్నుంచి యాప్‌లో నోరు తెరవలేదు. అన్నం తింటుంటే కూడా ఆ మాటే గుర్తొచ్చేదట.

మురహరికి ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని తీసేశాడు. పిచ్చేశ్వరరావు మర్నాటికల్లా వేరే పేరుతో ప్రత్యక్షం. మళ్ళీ తీసేశాడు, మళ్ళీ ఇంకో పేరు. తోలిన ఈగ తోలినట్టే వచ్చి వాలుతుంటే విసుగెత్తి, మురహరి ఒక ఉపాయం చేశాడు. ఆయన రాసిన రాతలు ఆయనకి మాత్రమే కనపడేటట్టు, ఇంకెవరికీ కనపడకుండా చేశాడు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. షాడో బ్యాన్ అంటారట దాన్ని. ఇక చూడండి, ఎంత హాయి! పిచ్చేశ్వరరావు రోజూ రాసుకుంటున్నాడు, మురిసిపోతున్నాడు, కొత్త పేర్లతో రావడం మానేశాడు. లోకం ప్రశాంతంగా ఉంది. ఇలా నెలలు గడిచాయి.

ఆ ఉపాయాన్ని కడుపులో పెట్టుకుని ఉంటే సరిపోయేది. మురహరి పెట్టుకోలేకపోయాడు. టీ కొట్టు దగ్గర తోటి శిష్యులకి చెప్పి, "పాపం, ఆయనకి ఇంకా తెలీదు!" అని పడీ పడీ నవ్వాడు. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి, పిచ్చేశ్వరరావు చెవికి తప్ప, యాప్ అంతా పాకింది. అంతే, ఫోన్లు మొదలయ్యాయి. ఎవరి పద్యానికి స్పందన రాకపోయినా, "బాబూ, నన్ను కూడా దాచేశావా?" అని అడగడమే. లేదండీ అంటే, "దాచినవాడు దాచానంటాడా?" అని ఎదురు ప్రశ్న. కడప నుంచి ఒక పెద్దాయన, యాప్ పెట్టిన రోజు నుంచీ పాడుతున్నవాడు, "గోడకి పాడుతున్నానో మనుషులకి పాడుతున్నానో తెలియని చోట నాకెందుకు నాయనా" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పెద్దాయన్ని మురహరి ఏనాడూ దాచలేదు. నిజంగానే ఆ వారం ఎవరికీ వినే తీరిక లేకపోయింది. అది ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు.

అందుకే ఆ ప్రశ్న. గురువుగారు వక్కపొడి బుగ్గన పెట్టుకున్నారు.

"శుక్రవారం రా."

ఆ శుక్రవారం మామూలు శుక్రవారం కాదు. గుంటూరులో నాటకోత్సవం దగ్గర పడింది. భద్రయ్య గారు జీవితమంతా కట్టిన రాజు వేషం ఈ ఏడు ఆయన కట్టలేరు. మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. ఆ వేషం, ఆయన తలమీద ఉండే ఆ అద్దాల కిరీటం, శిష్యుల్లో ఒకరికి ఇస్తానన్నారు. ఎవరికన్నది ఆ రోజు కొలువులో తేలాలి. మురహరి ఆ కిరీటం కోసం ఎన్నేళ్ళుగా నోరు కట్టుకున్నాడో, పెరుగు మానేశాడో, తెల్లారకముందే సముద్రం ఒడ్డున నిలబడి ఎన్నిసార్లు గొంతు చించుకున్నాడో అతనికీ ఆ అలలకీ తెలుసు. అది తనదేనని లోపల్లోపల అనుకుంటున్నాడు కూడా.

భద్రయ్య గారి కొలువంటే ఏమిటో కొంచెం చెప్పాలి. శుక్రవారం సాయంత్రం శిష్యులు ఒకరి తర్వాత ఒకరు లేచి పద్యం పాడతారు, మిగతావాళ్ళు ప్రేక్షకులు. నచ్చితే 'వన్స్ మోర్' అని అరవాలి. నచ్చకపోతే నోరు మూసుకోవాలి. మొహమాటానికి అరిచారో, గురువుగారు మెట్లు దింపేస్తారు. ఇక వన్స్ మోర్ పడినవాడు మళ్ళీ పాడి తీరాలి, దగ్గు వచ్చినా, గొంతు పోయినా సరే. ప్రేక్షకుడు అడిగాక పాడనివాడు నటుడే కాడని ఆయన లెక్క. బయట ఊళ్ళలో వన్స్ మోర్లు కొనుక్కోవచ్చు, నలుగురు చుట్టాల్ని ముందు వరసలో కూర్చోబెట్టుకోవచ్చు. ఆ గదిలో మాత్రం కుదరదు. ఆ గదిలో ఒక్క వన్స్ మోర్ పడితే మీసాలున్నవాళ్ళు మీసాలు, లేనివాళ్ళు పైపెదవి దువ్వుకుంటూ ఇంటికి వెళ్ళేవాళ్ళు.

అందరూ చాప మీద కూర్చున్నాక గురువుగారు హార్మోనియం మెట్ల మీద వేళ్ళు పెట్టి, ఎప్పుడూ లేనిది, ముందుగా ఒక మాట అన్నారు.

"ఇవాళ మీలో ఒకరికి వచ్చే వన్స్ మోర్లు ఉత్తుత్తివి. ఆ ఒకరు ఎవరన్నది మిగతావాళ్ళకి చెప్పి ఉంచాను. ఆ ఒక్కరికి మాత్రం చెప్పలేదు. మీలో మీరు మాట్లాడుకోకండి. ఊఁ, మొదలుపెట్టండి."

మురహరి ఉలిక్కిపడ్డాడు. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదే! పక్కకి చూశాడు. వకుళ తల వంచుకుని చాప పుల్ల లాగుతోంది. అటు చూశాడు, ఒకతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అందరికీ తెలుసు. నాకే తెలియదు. అంటే, ఆ ఒక్కణ్ణి నేనే అన్నమాట. ఒకరి తర్వాత ఒకరు లేచి పాడారు. ఏమిటో, ఆ రోజు ఎవరి గొంతూ వాళ్ళ గొంతులా లేదు. ఎప్పుడూ గది అదిరేలా పాడేవాళ్ళు కూడా అద్దెకి తెచ్చుకున్న గొంతుతో పాడినట్టు పాడి కూలబడ్డారు.

మురహరి వంతు వచ్చింది. నిండు సభలో అవమానం జరిగాక రాజు లేచి శపథం చేసే పద్యం. లేచి నిలబడ్డాక అతనికి ఒక్కసారిగా రోషం వచ్చింది. పోతే పోనీ, ఎవడు ఏమనుకుంటే నాకేంటి, అనుకుని ఎత్తుకున్నాడు. అబ్బ, ఎత్తుకోవడమంటే అదీ! ఒక్కో పాదం ఒక్కో మెట్టు ఎక్కింది. చివరి పాదం దగ్గర తీసిన రాగానికి కింద వీధిలో సైకిలు మీద పోయేవాడు కాలు కింద పెట్టి ఆగాడు. రాగం ముగిసీ ముగియకుండానే గది పగిలిపోయేలా అరుపు. "వన్స్ మోర్!" అందరికన్నా ముందు అరిచింది వకుళ. ఇన్నేళ్ళలో ఆ అమ్మాయి మురహరికి ఒక్క వన్స్ మోర్ కూడా ఇవ్వలేదు. అదే అతని నెత్తిన పిడుగులా పడింది. ఈ పిల్ల కూడా అరుస్తోందంటే, ఇక సందేహమేముంది? ఉత్తుత్తిదే!

మురహరి పాడలేదు. తల దించుకుని వచ్చి చాప మీద కూర్చున్నాడు. వన్స్ మోర్ పడ్డాక పాడకపోవడం ఆ గదిలో అదే మొదలు. హార్మోనియం కూడా ఆగిపోయింది.

వకుళ ఉండబట్టలేక అడిగింది. "గురువుగారూ, ఆ ఒక్కరూ నేనే కదూ? నాకెవరూ ఏమీ చెప్పలేదు."

"నాకూ చెప్పలేదే!" అన్నాడు కిటికీ దగ్గర కూర్చున్నతను. "నేననుకున్నా నేనే అని." నాకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు అని చాప ఆ చివర నుంచి ఈ చివరి దాకా అదే మాట.

"ఎవరికీ ఏమీ చెప్పలేదు నేను" అన్నారు భద్రయ్య గారు. "ఇవాళ పడినవన్నీ నిజం వన్స్ మోర్లే."

మురహరి తలెత్తాడు. "అయితే నాకు వచ్చింది..."

"నిజమే. నువ్వు నీ జన్మలో ఇంత బాగా పాడలేదురా. పాడావు, జనం అడిగారు, నువ్వు పోయి కూర్చున్నావు. వన్స్ మోర్ అంటే వెళ్ళి కూర్చునేవాడికి రాజు వేషం ఎలా ఇవ్వను?" అని ఆయన హార్మోనియం తిత్తి మూసేశారు. "ఈ వారం కిరీటం ఎవరికీ లేదు. పొండి."

మురహరికి ఏడుపు వచ్చింది. కోపమూ వచ్చింది. గురువుగారు చేసింది అన్యాయం అనిపించింది. ఉన్నదున్నట్టు మొహం మీద చెప్పే మనిషి, ఇవాళ ఇలా బూటకం ఆడి, జీవితంలో ఒక్కసారి వచ్చిన నిజం వన్స్ మోర్‌ని చేతికి అందకుండా చేశారు! గడియార స్తంభం దాకా అలా గొణుక్కుంటూ నడిచాడు. అక్కడికి వచ్చాక కడప పెద్దాయన మాట చెవిలో పడినట్టయింది. నడక దానంతట అదే ఆగిపోయింది. ఒక్క పూట తనకి ఇలా ఉంటే, తన యాప్‌లో పాడేవాళ్ళకి రోజూ ఇలాగే ఉంటోందా? తను వాళ్ళకి ఏమీ చేయలేదు. గురువుగారు మాత్రం తమకి ఏం చేశారు? ఒక్క మాట అన్నారు, అంతే.

మర్నాడు పొద్దున్నే మురహరి కాఫీ కూడా తాగకుండా కూర్చుని, అందరికీ కనపడేలా, కింద తన పేరు పెట్టి రాశాడు. "కొల్లా పిచ్చేశ్వరరావు గారూ, మీ రాతల్ని ఏడు నెలలుగా మీకు తప్ప ఎవరికీ కనపడకుండా చేశాను. మీకు చెప్పకుండా చేశాను. అది తప్పు. మీరు పాడేవాళ్ళని హీనంగా తిట్టారు. అదీ తప్పే. ఇవాళ్టి నుంచి ఆర్నెల్లు మీకు ఇక్కడ ప్రవేశం లేదు. కారణం ఇదీ అని అందరి ముందూ చెబుతున్నాను. అన్యాయం అనిపిస్తే నాతో పోట్లాడండి, ఇదిగో నా ఫోన్ నంబరు. ఇంకెవరినీ దాచలేదు, ఇక దాచను."

ఇలా రాయగానే అందరూ చప్పట్లు కొట్టారనుకుంటున్నారేమో. లేదు. కొందరు తిట్టిపోశారు, కొందరు వెళ్ళిపోయారు. వకుళ ఫోన్ చేసి, "నిద్రపోతున్నవాణ్ణి ఎందుకు లేపావన్నయ్యా? ఇన్నాళ్ళూ హాయిగా ఉంది. రేపు వేరే పేరుతో వచ్చి నా మీదే పడతాడు" అని కేకలేసింది.

"పడితే పడనీ అమ్మా, మళ్ళీ పేరు పెట్టి చెప్తా."

"నీకేం, నిన్ను అనలేదుగా!" అని పెట్టేసింది. పోట్లాడమని నంబరు ఇచ్చినా పిచ్చేశ్వరరావు మాత్రం ఫోన్ చేయలేదు.

తర్వాతి శుక్రవారం కొలువు మొదలయ్యే వేళకి మెట్ల మీద బరువైన అడుగుల చప్పుడు వినిపించింది. ఇస్త్రీ పంచె, భుజాన కండువా, చేతిలో ఫోను, ముఖం జేవురించి ఉంది.

"ఎవడయ్యా మురహరంటే?"

"నేనేనండీ." మురహరి లేచి నిలబడ్డాడు.

"నేను పిచ్చేశ్వరరావుని. ఏడు నెలలు! ఏడు నెలలు ఒక్కడూ నాకు ఎదురు చెప్పలేదు. ఓహో, నేను చెప్పేది నిజం కాబట్టే అందరూ నోళ్ళు మూసుకున్నారనుకున్నా. మా ఆవిడకి చూపించి, చూశావటే, అందర్నీ దారిలో పెట్టాను అని చెప్పుకున్నా. ఇప్పుడు ఆవిడ నన్ను చూసి నవ్వుతోంది. మనిషిని ఇంత వెధవని చేస్తారటయ్యా?"

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. మురహరికి మాత్రం నవ్వు రాలేదు. తను బుద్ధి చెప్పాననుకున్న మనిషికి తన ఉపాయం నేర్పింది ఇదా!

"అది నా తప్పేనండీ. అందరి ముందూ ఒప్పుకున్నాను, మీ ముందూ ఒప్పుకుంటున్నాను."

"ముందే చెప్పి ఉంటే నిన్ను బూతులు తిట్టేవాణ్ణి."

"తిట్టేవారే."

"వేరే పేరుతో వచ్చేవాణ్ణి."

"వచ్చేవారే. మళ్ళీ పంపేవాణ్ణి. మీరు మళ్ళీ వచ్చేవారు. ఇద్దరికీ పనే కదండీ, ఆ పాట్లేవో పడేవాళ్ళం."

పిచ్చేశ్వరరావు గురువుగారి వైపు చూశాడు. ఆయన హార్మోనియం తుడుచుకుంటున్నారు, తలెత్తలేదు. అంతలో వకుళ లేచింది. గొంతు నిలకడగా ఉంది.

"బాబాయి గారూ, నేను వకుళని. నాకేం రాశారో గుర్తుందా?"

"ఎందరికో రాశాను. ఏం రాశాను?"

వకుళ ఆ పెళ్ళిచూపుల మాట, ఆ కాఫీ మాట, ఒక్క అక్షరం పొల్లు పోకుండా అందరి ముందూ అప్పజెప్పింది. తెర మీద చదివినప్పుడు ఎలా ఉండేదో గాని, ఎదురుగా నిలబడి ఒక ఆడపిల్ల నోటితో చెబుతుంటే వినడం మహా కష్టంగా ఉంది. పిచ్చేశ్వరరావు కండువా సర్దుకున్నాడు.

"అలా రాశానా?"

"రాశారు."

"రాశాను" అన్నాడు ఆయన, నేల చూస్తూ. క్షమించమనలేదు. అనే రకమూ కాదు. వచ్చినవాడు వెళ్ళిపోనూ లేదు, గోడ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, "మీ గురువుగారి కొలువు గురించి బాపట్లలో గొప్పగా చెప్తారు. పాడండి, చూస్తాను" అన్నాడు.

మురహరి ఆ శపథం పద్యమే ఎత్తుకున్నాడు. కిందటి వారంలాగా రోషంతో కాదు. పిచ్చేశ్వరరావు కళ్ళలోకి సూటిగా చూస్తూ, ఈ మనిషి నా ప్రేక్షకుడు, ఇతను తిట్టినా నా ప్రేక్షకుడే, అనుకుంటూ పాడాడు. రాగం ముగిసింది. వకుళ ఒక్క క్షణం ఆగింది. ఇంకా కోపం ఉంది ఆ పిల్లకి. అయినా ఆ గది ఆ గదే.

"వన్స్ మోర్!"

"నేను మాత్రం అనను" అన్నాడు పిచ్చేశ్వరరావు, చేతులు కట్టుకుని.

"అనకండి" అన్నాడు మురహరి. నవ్వుతూ మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి ఇంకో మెట్టు పైన. ఆ వన్స్ మోర్ నిజమైనదని అతనికి తెలుసు. ఎందుకంటే, అననివాడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆ పాడడంలో ఉన్న గర్వం ముందు పూలదండలూ శాలువాలూ ఎందుకూ కొరగావు.

భద్రయ్య గారు లోపలికి వెళ్ళి గుడ్డలో చుట్టిన కిరీటం తెచ్చి మురహరి చేతుల్లో పెట్టారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. కొడుకు పెళ్ళిలో కూడా ఆయన ముఖం అలా వెలగలేదని తర్వాత అందరూ చెప్పుకున్నారు.

"అయితే నా ఆర్నెల్లు అలాగే ఉన్నట్టేనా?" కుర్చీలోంచి లేస్తూ అడిగాడు పిచ్చేశ్వరరావు.

"అలాగే ఉన్నాయండీ."

"ఊఁ" అని ఆయన మెట్లు దిగిపోయాడు. అడుగుల చప్పుడు పూర్తిగా తగ్గేదాకా ఆగి, మురహరి గురువుగారి దగ్గరికి జరిగాడు. చేతిలో కిరీటం ఉన్నా మనసులో పీకులాట ఉంది.

"గురువుగారూ, ఆర్నెల్ల తర్వాత ఈయన మళ్ళీ అదే మొదలుపెడితే? వకుళ లాంటి పిల్ల ఇంకొకర్తె ఏడిస్తే? అప్పుడు కూడా ఊరుకోవాలా?"

భద్రయ్య గారు వక్కపొడి డబ్బా తీశారు. ఇక శుక్రవారం రమ్మంటారని అందరూ అనుకున్నారు. అనలేదు.

"ఊరుకోవడం ఎందుకురా, పంపెయ్" అన్నారు. "దాచిపెట్టి కాదు, వాకిలి చూపించి పంపు."